పత్రికల ఎంపిక - రచయిత హక్కు

గోదావరి తీరాన అక్షరాభ్యాసాలు జరిగే బాసరలో అక్షరం విలువను ఎవరికీ బోధించనక్కరలేదు. కాని ఆ అక్షరాన్ని సృష్టించినవానికి దానిపై గల హక్కును గురించి మనం ఆలోచించడం అరుదు. కళాశాల గ్రంథాలయానికి పత్రికలను ఎన్నుకొనేటప్పుడు గ్రంథపాలకుడు ఈ హక్కును కూడా పరిగణించాలా? పరిగణించాలనే నా అభిప్రాయం.

పరిశోధన పత్రికల తీరు విచిత్రమైనది. వ్యాసం రాసిన అధ్యాపకునికి సాధారణంగా పారితోషికం ఉండదు. దానిని పరిశీలించే పండితునికీ ఉండదు. అయినా అనేక ప్రచురణ సంస్థలు అచ్చుకు ముందే హక్కులన్నీ రాయించుకొంటాయి. పిదప అదే వ్యాసాన్ని అతని కళాశాల చందా చెల్లించి తెప్పించుకోవలసి వస్తుంది. తన రచనను తన విద్యార్థులకు పంచడానికి సైతం అతడు ఒప్పందాన్ని తిరగవేసి చూసుకోవాలి!

మన చట్టం రచయితను విస్మరించలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, సంతకంతో కూడిన లిఖిత పత్రం లేనిదే హక్కుల బదిలీ చెల్లదు. పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అది 5 సంవత్సరాలే. అయితే పదోన్నతికి ప్రచురణ అవసరమైన యువ అధ్యాపకుడు, ఎదుట ఉంచిన పత్రంపై సంతకం చేయక ఏం చేయగలడు? బేరమాడే శక్తి కొంతైనా ఉన్నది చందా కట్టే గ్రంథాలయానికే.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుండి 2027 వరకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించడం దీని లక్ష్యం. పాఠకునికి ఇది గొప్ప మేలు. కాని చదివేవాని సౌకర్యం వేరు, రాసినవాని హక్కు వేరు. మొదటిది సమకూరినంత మాత్రాన రెండవది సిద్ధించదు.

గ్రంథపాలకుని ధర్మం పాఠకసేవయే గదా అని కొందరు ఆక్షేపించవచ్చు. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో పాఠకునికి పెద్దపీట వేసిన మాట నిజం. విద్యార్థికి అవసరమైన పత్రికను రచయిత హక్కుల పేరిట నిరాకరించడం అన్యాయమే. నేను కోరేది బహిష్కారం కాదు. రెండు పత్రికలు సమాన ప్రయోజనకరమైనప్పుడు, రచయితకు హక్కు మిగిల్చే దానివైపు మొగ్గుమని మాత్రమే.

కళాశాల కమిటీ వారు చందాకు ముందు ప్రతి ప్రచురణకర్తను మూడు ప్రశ్నలు అడగాలని మనవి. రచయిత తన వ్యాసాన్ని పాఠం చెప్పడానికి వాడుకోవచ్చునా? దాని ప్రతిని కళాశాల గ్రంథాలయంలో భద్రపరచవచ్చునా? తరువాత తన గ్రంథంలో చేర్చుకోవచ్చునా? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు.

ఉర్దూలో గాని తెలుగులో గాని నేడు ఈ సంచికకు రాస్తున్న విద్యార్థులే రేపటి పరిశోధకులు. వారి కలానికి రక్షణ వారి కళాశాల నుండే ఆరంభం కావాలి.