చల్లదనం కొనుక్కోవడమేనా?

పిల్లలూ, ఒకసారి ప్రపంచ పటం తీసి చూడండి. మనం ఉంటున్న దుక్మ్, తెలంగాణలోని ఆదిలాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అందుకే మే మూడో వారంలో ఒకసారి, జులై నాలుగో వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు అప్పుడు నీడే ఉండదు! ఆ ఎండంతా డాబా మీద పడుతుంది. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రంతా ఆ వేడిని మన మంచాల మీదికి దించుతుంది. అప్పుడు మనం చేసే పని ఒక్కటే, రిమోటు తీసుకుని 18 నొక్కడం.

వేడిని ముందు బయటే ఆపాలి, తరువాత గాలి ఆడనివ్వాలి, ఏసీ ఆ పైన అని నా అభిప్రాయం. మన పెద్దలు అలాగే బతికారు. రాయలసీమలో మిద్దెల మీద చౌడు మన్ను మందంగా పరిచేవారు. కోస్తాలో మండువా లోగిళ్ళ నడిమధ్య ఆకాశానికి చోటు వదిలారు, వేడి గాలి పైకి పోవడానికి. గల్ఫ్ తీరంలోని పాత ఊళ్ళలో ఇళ్ళ మీద గాలి బురుజులు కట్టుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన 'కూల్ రూఫ్' విధానం చూస్తే, డాబాకు సున్నం కొట్టే పాత అలవాటే కొత్త పేరుతో వచ్చిందనిపిస్తుంది. వట్టివేళ్ళ తడికలు, కూలర్లు మాత్రం ఇక్కడ పెద్దగా పనికిరావు. ఆదిలాబాద్ పొడి ఎండలో నీరు ఇట్టే ఆవిరై చల్లబరుస్తుంది. మన సముద్రపు తేమ గాలిలో ఉక్కపోతే మిగులుతుంది.

"అద్దె ఇంటి డాబాకు మనమేం చేస్తాం?" అంటారు. నిజమే. కానీ ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు డాబాకు వేడి ఆపే పొర వేశారా, పడమటి వైపు కిటికీలెన్ని అని అడిగేవారు ఎంతమంది? సరే, ఇంట్లో చేరిపోయాం. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించవచ్చు కదా! పడమటి కిటికీకి బయటి వైపు నీడ కల్పిస్తే మరీ మంచిది. గాజు దాటి లోపలికి వచ్చేసిన వేడిని పరదా అంతగా ఆపలేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు నైరుతి గాలులు వీస్తాయి. ఆ గాలికి తీరం దగ్గర సముద్రపు లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. మస్కట్ మండిపోతుండగా మన ఊరు కాస్త తెరిపిన ఉండేది అందుకే. ఆ సాయంత్రాల్లో కూడా కిటికీలు బిగించుకుని కూర్చుంటాం, ఇసుక వస్తుందని. సన్నటి జాలీ బిగించి, ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచి చూడండి. ఒక్కటే తెరిస్తే గాలి ఆడదు.

ఇక ఏసీ సంగతి. భారతదేశంలో 2020 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారుచేస్తున్నారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని అక్కడి ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. ఇక్కడి దుమ్ముకు రెండు వారాలకోసారైనా ఫిల్టరు కడగాలి. వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను తిరిగేటప్పుడు వంటింటి తలుపు వేయాలి, లేకపోతే హాల్లోని చల్లగాలిని కూడా లాగేస్తుంది. వేసవిలో గీజరు కట్టేయడం మన గల్ఫ్ వాళ్ళందరికీ తెలిసిన చిట్కాయే. డాబా మీది ట్యాంకు నీళ్ళు ఎలాగూ సలసల కాగుతుంటాయి, గీజరులో నిలిచిన నీళ్ళే చల్లగా ఉంటాయి!

"బిల్లు కంపెనీ కడుతుంది కదా" అనే మాట మన కూడికల్లో తరచూ వింటాను. నాకు అది నచ్చదు. ఒమాన్‌లో కరెంటు ఎక్కువగా సహజవాయువు మండించి తీసేదే, ఎవరు కట్టినా అది మండుతూనే ఉంటుంది. అంతకన్నా నాకు బాధ కలిగించేది మరొకటుంది. సెలవులకు ఊరెళితే, తాతయ్య ఇంట్లో ఫ్యాను కింద మన పిల్లలకు నిద్ర పట్టడం లేదు. రెండు రోజులకే "హోటలుకు వెళ్దాం నాన్నా" అంటున్నారు. మనవల కోసం ఏడాదంతా ఎదురుచూసిన అమ్మమ్మలు ఆ మాట విని ఏమనుకుంటారు?

వచ్చే జులైలో ఒక వారం మామూలుగా, మరో వారం సాయంత్రాలు కిటికీలు తెరిచి గడపండి. రోజూ మీటరు అంకె పిల్లల చేత తెలుగులో రాయించండి. ఆ కాగితాలు బడికి తీసుకొస్తే, పెద్ద తరగతి పిల్లలతో తీసివేతలు చేయించే బాధ్యత నాది.