ఇల్లాలి సమ్మతి

మానవదేహమును అంగడి సరుకుగా నెంచరాదని మన దేశమున 1994వ సంవత్సరమున నొక శాసనము పుట్టినది. 2011లో దానిని సవరించి, అవయవములతోపాటు కణజాలములను గూడ దాని క్రిందికి దెచ్చిరి. తెలంగాణ శాసనసభయు 2025లో దీనిని స్వీకరించుచు తీర్మానించినది. మూత్రపిండమును కొనినవానికిని, అమ్మినవానికిని, నడుమ నిలిచిన దళారికిని పదియేండ్లవరకు కారాగారమును, కోటి రూపాయలవరకు జరిమానాను విధింపగల యీ శాసనమును మేము మనఃపూర్వకముగా నభినందించుచున్నాము.

అయినను, ధనము చేతులు మాఱలేదు గనుక దానము స్వేచ్ఛగా జరిగినదని తలంచుట పొరపాటు. సన్నిహిత బంధువులు తమ మూత్రపిండము నిచ్చుటకు శాసన మనుమతించుచున్నది. ఇంటి పురుషునకు వ్యాధి వచ్చినపుడు అందఱును మొదట నెవరివంక చూచెదరు? భార్యవంక, కాదేని తల్లివంక. మన దేశమున బ్రదికియుండి యిచ్చువారిలో స్త్రీలే యెక్కువ. పుచ్చుకొనువారిలో పురుషులే యెక్కువ. స్త్రీహృదయము సహజముగా దయార్ద్రమని కొందఱు దీనికి సమాధానము చెప్పుదురు. అట్లయిన, భార్య మంచము పట్టిన దినమున భర్త దయ యెక్కడికి పోవుచున్నది? సంపాదించువాడు కోతకు లోనైన నిల్లు గడచుటెట్లని మఱికొంద ఱందురు. తెల్లవారకమున్నే లేచి యింటిల్లిపాదికిని వండి వడ్డించి, పిమ్మట పొలమునకో కచ్చేరికో పరుగెత్తు నామె శ్రమ సంపాదన కాదు కాబోలు!

ఇంకొక వింత చూడుడు. మెదడు మృతిచెందినవారి యవయవములను గ్రహించుటకు శాసనము దారి చూపుచున్నది. దహనమునకు ముందు దేహము తరుగరాదని ఆ దానమును నిరాకరించు కుటుంబమే, బ్రదికియున్న కోడలి దేహమును కోయించుటకు వెనుదీయదు. ఇది యెట్టి యాచారము?

శాసనకర్త లీ సంగతి నెఱుగనివారు కారు. దాత స్త్రీ యైనపుడు ఆమె స్వతంత్రసమ్మతిని గ్రహీత కాక వేఱొకరు ధ్రువపఱుపవలెనని 2014 నాటి నిబంధనలలో వ్రాసిరి. మంచిదే. కాని అత్తగారు గ్రహీత కాదు. బావగారు గ్రహీత కాడు. కాపురము నిలుపుకొమ్మని బుద్ధి చెప్పు కన్నతండ్రియు గ్రహీత కాడు. వీరి నోట ధ్రువపడినది ఆమె సమ్మతియా, వీరి సమ్మతియా?

మేము కోరునది స్వల్పము. ఇంటివా రెవ్వరును లేనిచోట, గ్రహీతకు చికిత్స చేయని వైద్యు డొకరు ఆమెతో ఏకాంతమున మాటాడవలెను. ఆమె యొల్లనన్నచో, దానమునకు తగదని మాత్రమే యింటివారికి తెలిపి, కారణమును గుట్టుగా నుంచవలెను. ఇది సంసారములలో కలహము పెట్టుట యని మమ్ము నిందింతురేని, ఒక్క ఏకాంతసంభాషణమునకే కూలిపోవు సంసారము దేనిమీద నిలిచియున్నదో వారే చెప్పవలెను.

మనసార నిచ్చు నిల్లాలికి మేము నమస్కరించుచున్నాము. ఆమె త్యాగమునకు గౌరవము నిలుచుటకే యీ మాట చెప్పుచున్నాము: కాదనుటకు వీలులేనిచోట ఔననుటకు విలువ లేదు.