గృహనిర్వహణము: కిటికీ పంకా



పల్నాటి వేసవి యెట్టిదో మీకు వేఱుగ జెప్పనేల? రెంటచింతల యెండ రాష్ట్రమంతట బ్రసిద్ధము. నరసరావుపేటలోని మా యింటికి నాపరాతి కప్పు. పగలెల్ల గ్రహించిన వేడిమిని రాత్రి యది గదిలోనికి విడుచుచుండును. నిరుడు వైశాఖమున నొక కిటికీ పంకా కొని, మధ్యాహ్నవేళ బయటిగాలి లోనికి వచ్చునట్లు నడపితిమి. గడియ గడువకమునుపే మా యత్తగారు "అమ్మాయీ, ఇది పంకాయా, కొలిమితిత్తియా?" యనిరి. ఆమె పెదవు లెండి, తల తిరుగుచుండెను. వెంటనే పంకా నాపి, తడిబట్టతో నొడలు తుడిచి, మజ్జిగ యిచ్చితిని.

పంకా గాలిని జల్లబఱుపదు. బయటనున్న గాలినే లోనికి దెచ్చును. వేడిమి 40 డిగ్రీలు మించినచో పంకాగాలి దేహమును మఱింత వేడిచేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థయు హెచ్చరించుచున్నది.

కావున పగలు కిటికీలు మూసి తెరలు దింపుడు. ప్రొద్దుగ్రుంకి, బయట చల్లబడిన పిమ్మటనే పంకా వేయుడు. గాలిని లోనికిని వెలికిని ద్రిప్పదగిన పంకా మేలు. వెలికి దోయునదే దొరకినచో, చల్లగాలి వీచు కిటికీని దెఱచి, దాని కెదుటి కిటికీ పైభాగమున నమర్చుడు.

పరిమాణమునకు మావారు చెప్పిన లెక్క యిది: 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల యెత్తు గల గదిలో 36 ఘనమీటర్ల గాలి యుండును. గంటకు 720 ఘనమీటర్లు దోయు పంకా మూడు నిమిషములలో దానిని మార్చును. ఱెక్కలకు దట్టమైన కడ్డీల తొడుగున్నదో లేదో తప్పక చూడుడు. ఇంట బిడ్డలుందురు గదా!

ఇప్పుడా పంకా మా యింట రాత్రులందే తిరుగుచున్నది. అత్తగారు సుఖముగ నిద్రించుచున్నారు.