ఐపీ68 సరే, ఎండ సంగతేంటి?

ఫోన్‌తో పాటు వచ్చిన ట్రాన్స్‌పరెంట్ కేస్ కొన్ని నెలలకే పసుపు రంగుకు తిరిగిందా? మురికి అనుకుని సబ్బుతో రుద్దే ఉంటారు. పోలేదు కదా! అది పైన పట్టిన మరక కాదు, ప్లాస్టిక్ లోపల జరిగిన మార్పు.

ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలకు పాలిమర్ గొలుసుల్లోని బంధాలను తెంచేంత శక్తి ఉంటుంది. తెగిన చోట ఆక్సిజన్ చేరుతుంది. ఆరోమాటిక్ రకం టీపీయూ అయితే ఈ రియాక్షన్‌తో పచ్చబడుతుంది. వేడి తోడైతే ఇంకా తొందరగా. అలిఫాటిక్ టీపీయూ బాగా తట్టుకుంటుంది, కాకపోతే రేటెక్కువ.

కేస్ పచ్చబడితే లుక్ పోతుంది, అంతే. బైక్ మౌంట్ పెళుసుబారితే ఫోనే పోతుంది. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్తుంటే నా మౌంట్ క్లిప్ పుటుక్కున విరిగింది. అది చూసింది ఒక్క వేసవే! బాక్స్ మీద వాటర్‌ప్రూఫ్, షాక్‌ప్రూఫ్ అని ఉంది. ఎండ గురించి ఒక్క ముక్క లేదు. మా సీమలో వాన ఎన్ని రోజులు, ఎండ ఎన్ని రోజులు?

ఎండను లెక్కచేసేవాళ్లు ఇదే దారిలో ఉన్నారు. పొలాల్లో డ్రిప్ పైపులు నల్లగా ఉండేది అందం కోసం కాదు. వాటిలో కలిపే కార్బన్ బ్లాక్ యూవీని తానే పీల్చుకుని పైపును కాపాడుతుంది. పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. కార్ల బయటి ప్లాస్టిక్‌కు ఎండ, తేమ తట్టుకునే పరీక్షలు చేయడం ఆ ఇండస్ట్రీలో మామూలే. ధర్మవరం పట్టుచీరను ఎవరైనా నీడలోనే ఆరేస్తారు. పట్టు కూడా పాలిమరే మరి, ఎండకు పచ్చబడుతుంది.

మరి గాడ్జెట్ యాక్సెసరీలకేమైంది? కొలిచే పద్ధతి లేదనడానికి వీల్లేదు. ల్యాబ్‌లో కృత్రిమ ఎండతో పరీక్షించడానికి ఐఎస్ఓ 4892 ఉంది. బయట యూవీకి, నీటికి తట్టుకునే ప్లాస్టిక్‌కు యూఎల్ 746సీ కింద ఎఫ్1 రేటింగ్ ఉంది. టెస్టింగ్‌తో రేటు పెరుగుతుందంటారా? ఏటా కొత్త మౌంట్ కొనడం కన్నా అదే చవక.

తప్పు కంపెనీలది మాత్రమే కాదు, మా రివ్యూయర్లది కూడా. వారం వాడి ‘బిల్డ్ క్వాలిటీ సూపర్’ అని రాసేస్తాం. బయట వాడే వస్తువును ఒక వేసవైనా ఎండలో ఉంచి చూడనిదే ఆ మాట రాయకూడదు.

అప్పటిదాకా మీరు మౌంట్ కొనేటప్పుడు ఏబీఎస్ కాకుండా ఏఎస్ఏ ప్లాస్టిక్, లేదా యూవీ స్టెబిలైజ్డ్ అని ఉన్నదేమో చూడండి. నలుపు రంగు ఒక్కటే గ్యారంటీ కాదు. బైక్ నీడలో పెట్టండి. క్లిప్ తెల్లగా పాలిపోయి, సన్న పగుళ్లు కనిపిస్తే ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకోకండి, ఆ రోజే మార్చేయండి.