కోడిజబ్బు - ఇంటివైద్యము

ఉన్నత పాఠశాలా పత్రికలో కోడినిగూర్చి వ్యాసమా యని కొందఱు చదువరులు నవ్వవచ్చును. నవ్వనిండు. మా తరగతులలో కూర్చుండు పిల్లలలో పెక్కండ్ర నోటుపుస్తకములు గ్రుడ్లమ్మిన సొమ్ముతో వచ్చినవని మేమెఱుగుదుము. హిందూపురము మొదలు పెనుకొండ మీదుగా ధర్మవరము వఱకు గల యీ సీమలో వాన నమ్మదగినది కాదు. వేరుసెనగ ఒక యేడు చేతికివచ్చిన మఱుసటి యేడు చేనిలోనే యెండును. మగ్గమును నమ్ముకొన్న యింటనైనను పని అన్ని మాసములు ఉండదు. అట్టి యిండ్లలో తల్లి చేతిలోని స్వంతధనము పెరటిలో తిరుగు నాలుగు పెట్టలే.

గత వేసవికి ముందు ఒక బాలుడు రెండు దినములు బడికి రాలేదు. కారణమడుగగా, ఇంట నెనిమిది కోళ్ళకు జబ్బు తగిలినదని చెప్పెను. అన్నియు చచ్చినవా యని యడిగితిమి. "ఆరు సచ్చిపోయినాయి సార్. రెండు తూగుతా ఉంటే మాయమ్మ సంతకు తీసకపోయి అమ్మేసింది" అనెను. అబద్ధమాడనెఱుగని పిల్లవాడు. ఆ మాట విన్ననాటినుండి మా మనస్సున మెదలుచున్న సంగతినే యిచ్చట వ్రాయుచున్నాము. ఆ తల్లిని నిందించుట మా యుద్దేశము కాదు. ఎద్దునకైన వైద్యుని పిలువ బోవుదురుగాని, కోడికొఱకు కూలి పోగొట్టుకొని పశువైద్యశాలకు నడచువారెందఱు? కావున ఇంటివైద్యము తప్పదు. అది యెంతవఱకు పనిచేయును, ఎచ్చట నిలిచిపోవలెను అనునది తెలియకపోవుటయే మనకు కలుగుచున్న నష్టమని మా యభిప్రాయము.

ఆరోగ్యముగల కోడి తెల్లవాఱి గంప యెత్తిన తక్షణమే దుమికి పరుగెత్తును. జబ్బుపడినది వెనుకబడి, ఈకలు విప్పార్చుకొని, మెడ లోనికి ముడుచుకొని, కన్నులు మూసి తూగును. మన శరీరమునకు 37 డిగ్రీల వేడియైన, కోడికి సహజముగనే 41 లేక 42 డిగ్రీలుండును. ఆ వేడి నిలుపుకొన జాలకయే అది ఈకలను అట్లు పొంగించుకొనును. దానిని తక్షణమే వేఱొక గంప క్రింద, మిగిలినవాటికి దూరముగా ఉంచవలెను. చలికాలమైన క్రింద ఎండుగడ్డియు పైన గోనెయు కప్పవలెను. మన వైశాఖపు టెండలలోనైన నీడయే మందు. నీరు మాత్రము ఎప్పుడును ఎదుట నుండవలెను. ఆ నీటిలో కొంచెము బెల్లము, చిటికెడు ఉప్పు కలుపవచ్చును. చిటికెడే, ఉప్పు మించిన కోడికి విషమగును. నానిన నూకలో, మెత్తని రాగిసంగటియో ముందుంచిన తినదలచినప్పుడు తినును. మంచి కోళ్ళకు మేతవేసిన పిదపనే జబ్బుదాని యొద్దకు పోవలెను. తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఈ వరుసను తలక్రిందులు చేసి, జబ్బుకోడిని ముందు నిమిరి, ఆ చేతులతోనే తక్కినవాటికి గింజలు చల్లుటచేతనే యిల్లిల్లు ఖాళీయగుచున్నది.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మా యింట నల్లపెట్ట యొకటి తూగుచుండగా, పెద్దల మాట ననుసరించి నువ్వులనూనెలో మిరియములు, వెల్లుల్లి నూఱి కలిపి, దాని ముక్కు తెఱచి గొంతులో పోసితిమి. కోడికి గాలిగొట్టపు ద్వారము నాలుక మొదటనే యున్నదని మాకప్పుడు తెలియదు. అది రెండుమార్లు గురగురలాడి, ప్రొద్దుగ్రుంకకముందే చచ్చెను. రోగముచేత చచ్చినదని ఇంటివారనిరి. మాచేత చచ్చినదని మేమెఱుగుదుము. నీరసపడిన కోడి గొంతులో ఏదియు బలవంతముగా పోయరాదు. త్రాగించక తీఱనిచో, ముక్కు ప్రక్కన నొక్కొక్క బొట్టు విడిచి, అది మ్రింగువఱకు ఓర్చుకొనవలెను.

ఏ మందైనను ఇచ్చుటకు ముందు కోడిని ఒడిలోనికి తీసికొని పరీక్షించుట మేలు. నెత్తిమీది జుట్టు వెలవెలబోయినదా? ఱెక్కలక్రింద పేలున్నవా? కొన్ని పురుగులు పగలు కోడిమీద కనబడవు. గూటి పగుళ్ళలో దాగియుండి రాత్రివేళ రక్తము పీల్చి మరల దాగుకొనును. వీనికి మందు వేయవలసినది కోడికి మాత్రమే కాదు, గూటికి. మరుగునీళ్ళు పోసి, పగుళ్ళు పూడ్చి, సున్నము కొట్టి, పెరటిలో నొక మూల పొడిమన్నును బూడిదయు కలిపి యుంచిన, కోడి తానే అందు పొర్లాడి శుభ్రపడును. మెడక్రింద మేత నిలుచు సంచి తెల్లవాఱునప్పటికి ఖాళీగా నుండవలెను. అది ఱాయివలె గట్టిపడియున్న లోపల ఏదో చిక్కుకొన్నదని తెలిసికొనవలెను. ధర్మవరములో మగ్గములున్న వీధుల కోళ్ళకు దారపు తునకలు కాళ్ళకు చుట్టుకొని వ్రేళ్ళు కమిలిపోవుట మేము చూచితిమి. కత్తెరయు కొంచెము ఓర్పును ఉన్న అది ఇంటనే తీరు జబ్బు.

జుట్టుమీదను ముక్కుచుట్టును మశూచివలె పొక్కులు లేచినచో భయపడరాదు. దోమలవలనను వ్యాపించునది గనుక నిలువనీరు పాఱబోయవలెను. పొక్కులను గిల్లక, కన్ను మూసికొనిపోయిన గోరువెచ్చని ఉప్పునీటితో తుడిచి, మేత అందుచుండునట్లు చూచుకొన్న, మూడునాలుగు వారములలో చెక్కులు రాలిపోవును. పొక్కులు నోటిలోనికి దిగినచో మాత్రము ఆశ తక్కువ.

ఇంటివైద్యము నిలిచిపోవలసిన చోటు కొక్కెర తెగులు. కోడి నోరు తెఱచి ఊపిరికి తన్నుకలాడును. పచ్చగా నీళ్ళవలె పారును. బ్రదికియున్నచో ఒక ఱెక్కయో కాలో పడిపోవును, మెడ మెలితిరిగి ఆకాశమువంక చూచును. 1926వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునొద్దను, ఆ కాలముననే జావా ద్వీపమునను దీనిని గుర్తించిరి. మఱికొలదికాలమునకే మన దేశమున కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో కనబడుటచే ఇచ్చటి పశువైద్యులు దీనికి ఆ యూరి పేరే పెట్టిరి. టీకా లేని మందలో నిది ప్రవేశించిన నూటికి నూఱును చచ్చుట కలదు. దీనికి మందు లేదు. ఉల్లిపాయ లేదు, పసుపు లేదు, మందులంగడి మాత్రయు లేదు. మనుష్యులకని తెచ్చిన మాత్రలో సగము విఱిచి కోడికి వేయు నలవాటు ఈనడుమ ప్రబలినది. వైరసు రోగమున కది పనిచేయకపోవుటయేగాక, ఆ మందు గ్రుడ్డులోను మాంసములోను చేరి మనలోని క్రిములనే మొండివానిగా చేయును. కోలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని 2019లో కేంద్రప్రభుత్వము నిషేధించుట ఈ భయముచేతనే.

అట్టి తెగులు తగిలిన కోడిని సంతకు తీసికొనిపోవుట యేమగును? హిందూపురములో కొన్న కోడి ఆ సాయంకాలమే బస్సులో బుట్టనెక్కి పెనుకొండలో గూడు చేరును. జబ్బు బయటపడుటకు సాధారణముగా అయిదారు దినములు పట్టును. ఈలోపల ఆ పెరటి కోళ్ళన్నియు దానితో ఒకే మూకుడులో నీరు త్రాగియుండును. రెండు కోళ్ళకు వచ్చిన కొలది రూపాయలకొఱకు ముక్కుమొగము తెలియని మఱొక తల్లి యెనిమిది కోళ్ళను చంపితిమి. చచ్చినదానిని వంకలో పాఱవేసినను ఫలమిదియే. కుక్క యీడ్చుకొని మఱొక వీధికి తెచ్చును. లోతుగా గుంటత్రవ్వి సున్నముచల్లి పూడ్చుటకు మించిన యుపాయము లేదు.

కారణము తెలియక ఒక్కమాఱే కోళ్ళు కుప్పలుగా రాలినచో, చేతితో తాకక, కోసి తినక, పశువైద్యశాలకు కబురుపంపవలెను. అది పక్షిజ్వరము కావచ్చును. 2006లో మహారాష్ట్రములోని నవాపూరు ప్రాంతమున మొదట కనబడిన యా రోగము 2025లో మన గోదావరి జిల్లాలలోను వచ్చినది. 1962 అను సంఖ్యకు పిలిచిన వచ్చు సంచార పశువైద్యశాలలు 2022లో మన రాష్ట్రమున ఆరంభమైనవి. కోడికొఱకు పిలువరాదని ఎవరును చెప్పలేదు.

ఏ పుంజును ఏ దినమున ఏ దిక్కునుండి పోరునకు వదలిన గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రము ఎందఱికో కంఠస్థము. పిల్లకు అయిదవ దినమునుండి ఏడవ దినములోపల కంటిలోనో ముక్కులోనో లాసోటా టీకా యొక బొట్టు వేయవలెననియు, రెండు మాసముల వయస్సు వచ్చిన పిదప మఱియొక టీకాను సూదితో వేయవలెననియు ఎందఱికి తెలియును? ఆ రెండవ టీకాకు మూలమైన వైరసును 1940 తరువాతి యేండ్లలో మన ముక్తేశ్వరపు పరిశోధనాలయముననే మెత్తబఱచిరి. చిక్కు టీకాలో లేదు, సీసాలో నున్నది. సీసా యొకటి నూఱు కోళ్ళకో అంతకు మించియో సరిపోవును. మంచులో నుంచి తేవలెను. కలిపిన పిదప గంట రెండు గంటలలో వాడవలెను. నాలుగు కోళ్ళున్న యిల్లు అంత సీసాను ఏమి చేసికొనును? కావున టీకా ఇంటి పని కాదు, వీధి పని యని మేము వాదించుచున్నాము.

గత కార్తికమున మా వీధిలో పదునొక్క యిండ్లవారము చేరి ఒక సీసా తెప్పించితిమి. సాయంకాలము కోళ్ళు గూళ్ళు చేరిన వేళ పశువైద్యశాలనుండి ఒక యువకుడు మంచుపెట్టెతో వచ్చెను. అందఱివి కలిసి యేబదిమూడు కోళ్ళయినవి. మిగిలిన మందును పూడ్చివేసితిమి. పైన చెప్పిన బాలుని తల్లియు క్రొత్తగా కొన్న మూడు పెట్టలతో వచ్చెను. అందొకటి తూగుచుండెను. జబ్బుదానికి టీకా వేయుట వ్యర్థమని యువకుడు రెంటికి మాత్రమే వేసెను. ఆమె చాలసేపు మూడవదానిని చంకలో పెట్టుకొని నిలిచి, ఇంక దీనినేమి చేయవలెనని మమ్మడిగెను. వేఱు గంప క్రింద నుంచుమంటిమి. మూడవ దినమున పిల్లవాడు బడికి వచ్చి, అది చచ్చినదనియు, వేపచెట్టు క్రింద తానే గుంట త్రవ్వితిననియు, సున్నము చాలక పొరుగింట నడిగి తెచ్చితిననియు చెప్పెను. తక్కిన రెండును గ్రుడ్లు పెట్టుచున్నవి.