పన్నుకు పన్ను లేదు!

ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లకు సెలవుల్లో వచ్చే అమెరికా పిల్లల్లో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లనివారు తక్కువే. అక్కడి ఖర్చుకు జడిసి రూట్ కెనాల్ ఇక్కడే చేయించుకుంటారు. ఆ బిల్లుకు అక్కడి హెల్త్ సేవింగ్స్ అకౌంట్ డబ్బు వాడుకోవచ్చు.

2004 నుంచి అమల్లో ఉన్న ఈ ఖాతా కొన్నిరకాల బీమా ఉన్నవారికే దొరుకుతుంది. ఖాతాదారు, భార్య లేదా భర్త, వారిపై ఆధారపడిన పిల్లల వైద్యానికి తీసే సొమ్ముపై ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. చికిత్స హైదరాబాద్‌లో జరిగినా సరే. ఖర్చు మాత్రం ఖాతా తెరిచాకే అయి ఉండాలి. రసీదులు దాచుకోవాలి. పళ్లు తెల్లబరిచే సోకులకు ఇది చెల్లదు.

మరి అమ్మ కట్టుడు పళ్లకు? కుదరదు. భారత పౌరులై ఇక్కడే ఉండే తల్లిదండ్రులను అమెరికా పన్ను చట్టం ఆధారపడినవారిగా లెక్కించదు. అయినా వాడితే ఆ సొమ్ముపై పన్ను కట్టాలి. ఖాతాదారుకు 65 ఏళ్లు నిండకపోతే మరో 20 శాతం అదనం. ఇక్కడి మామూలు ఆరోగ్య బీమా కూడా ప్రమాదాల్లో తప్ప పంటి వైద్యానికి సాధారణంగా వర్తించదు.

అందుకే పెద్దల పేరిట నెలనెలా కొంత రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మేలు. కోడలి పంటికున్న భరోసా అత్తగారి పంటికీ ఉండాలిగా!