శాలువా వద్దు, రికార్డు ఇవ్వండి

మన సభలలో కచేరీ ముగియగానే పాడిన పిల్లకు శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు, ఫొటో తీస్తారు. ఆమెకు నిజంగా అక్కరకు వచ్చే వస్తువు ఒక్కటే ఇవ్వరు. అది ఆ పూట ఆమె పాడిన పాట రికార్డు.

పేరెందుకు గానీ, నా పూర్వవిద్యార్థిని ఒకామె కోసం ఒక సభవారిని రికార్డు అడిగాను. "యూట్యూబులో పెడతాం మాస్టారూ, చూసుకోండి" అన్నారు. పెట్టినది ఏడు నిమిషాల ముక్క. అందులో మూడు నిమిషాలు అధ్యక్షులవారి ప్రసంగం!

1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ కళాకారునికి తన ప్రదర్శనపై హక్కు కల్పించింది. సొంతానికీ, బోధనకూ, పరిశోధనకూ చేసుకొనేవాటి వంటి మినహాయింపులు తప్ప, సమ్మతి లేని రికార్డింగు ఆ హక్కుకు భంగమే. సమ్మతి అడగరు సరే, ప్రతి అయినా ఇవ్వరాదా?

"పూర్వులకు రికార్డులున్నాయా?" అంటారు కొందరు. పూర్వులకు గురుకులవాసం ఉండేది. గురువు చెవి దినమంతా శిష్యునిమీదే ఉండేది. నేడు వారానికొక గంట పాఠం, అదీ తరచు ఫోనులో. గ్రామఫోను పళ్ళెంలో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. వైద్యులైన శ్రీపాద పినాకపాణిగారు (1913–2013) కృతులు చెదిరిపోరాదని స్వరపరచి 'సంగీత సౌరభం' సంపుటాలుగా వ్రాసిపెట్టారు. అంతటి శ్రమ మనకు లేదు. రెండు గంటల కచేరీ జేబులోని ఫోనులో పడుతుంది.

ఇక గాయకులకూ ఒక మాట. తన గొంతు తనకు ఎముకల గుండా కూడా వినబడుతుంది కనుక రికార్డులో అది పరాయిగా తోస్తుంది. "ఇది నేను కాదు" అని కట్టేస్తారు. సభ విన్నది ఆ గొంతునే! నాలుగు రోజులు ఆగి, చప్పట్ల మత్తు దిగాక మూడుసార్లు వినండి: ఒకసారి శ్రుతికి, ఒకసారి లయకు, ఒకసారి సాహిత్యానికి.

ఈ మూడోదే నా బాధ. నెరవులో మనసు మృదంగం మీద ఉంటుంది. ఒత్తక్షరం తేలిపోతుంది, 'ళ' కాస్తా 'ల' అవుతుంది, సమాసం నడుమ ఊపిరి తీస్తారు. ఒక పదం తోక మరో పదానికి తగిలితే స్తుతి నిందగా మారుతుంది. పాడేటప్పుడు ఇది తెలియదు. బాగుందనే బంధువులు చెప్పరు. రికార్డు మొగమాటపడదు.

కనుక కళాకారులారా, కచేరీ ఒప్పుకొనేముందే రికార్డు అడగండి. సభాధ్యక్షులారా, ఆ రాత్రే ఇచ్చి పంపండి. శాలువా కంటే ఖర్చు తక్కువే.